గురువారం వాన పడుతుందన్నారు

ఏప్రిల్ 17, శుక్రవారం

చిట్టీ,

నువ్వు పంపిన పుస్తకాల పెట్టె చేరింది. అట్టలు ముక్కిపోయాయి గానీ లోపల కాగితం గట్టిగానే ఉంది. నీకు ముందు ఆ కొండ మీది వాతావరణ కేంద్రంలో పనిచేసి ఇవన్నీ వదిలేసి వెళ్ళిన మహానుభావుడెవరో గానీ, ప్రతి పుస్తకంలోనూ హంతకుడి పేరు మొదటిసారి వచ్చిన చోట పెన్సిలుతో చుక్క పెట్టాడు. అతని చెయ్యి విరగ! రెండో పుస్తకంలో నాకీ సంగతి అర్థమైంది. అప్పట్నుంచీ ముందు రబ్బరు తీసుకుని, కళ్ళు సగం మూసుకుని, చుక్కలన్నీ చెరిపేసి ఆ తర్వాత మొదలుపెడుతున్నా.

ఇక్కడి ఎండ సంగతి నీకు చెప్పేదేముంది, డిగ్రీలు రాసుకునేదానివి నువ్వే. డిగ్రీల్లో ఉండనిది చెప్తాను. పొద్దున పదింటికి కుళాయి తిప్పితే కాచిన నీళ్ళు వస్తున్నాయి. తలుపు గొళ్ళెం గుడ్డతో పట్టుకోవాలి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఫోన్లయితే పూర్తిగా మూగబోయాయి, కాబట్టి నీకూ నాకూ ఇప్పుడు తేడా లేదు, ఇద్దరం ఉత్తరాల మనుషులమే.

మా మేడ మొత్తంలో చల్లగా ఉండేది మెట్ల దారి ఒక్కటే. అందుకని మధ్యాహ్నాలు నా మూడో అంతస్తు గుమ్మం ముందు మెట్ల మీద మా సభ. నేను పైకి చదువుతాను. నా నెత్తి మీద వాటాలో ఉండే టైపు మాస్టారు రెండు మెట్లు పైన కూర్చుని వింటారు. నీకు గుర్తుండే ఉంటుంది, టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినాయన, మా ప్రెస్సుకి కాగితాలు తెచ్చేవాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. చక్కెర జబ్బు. ఆయన కూతురు ఊరి అటు చివర ఉంటుంది, తను రాలేక ఏజెన్సీ నుంచి ఒక నర్సమ్మాయిని పెట్టింది. ఆ పిల్ల పొద్దున సూది మందు ఇచ్చి, స్నానం చేయించి, మధ్యాహ్నం రెండో సూది దాకా ఉండాలి కాబట్టి తనూ కింది మెట్టు మీద చేరుతుంది.

ఆ తేనెటీగలు పెంచే వితంతువు ఉంది చూడు, అదే మన డిటెక్టివు, మాస్టారికి ఆవిడంటే ప్రాణం. "ఆవిడ టైపు నేర్చుకుని ఉంటే లోకాన్ని ఏలేది" అంటారు. ఎటు చూసినా మంచు, పొయ్యి పక్కన పిల్లి, వేడి వేడి టీ, హాల్లో శవం. నలభై అయిదు డిగ్రీల్లో మంచు గురించి చదువుతుంటే ఒళ్ళు కాస్త చల్లబడుతుంది, నిజంగా.

ఒకటే చిరాకు. నర్సమ్మాయి మూడో అధ్యాయంలోనే "వాడేనండీ" అంటుంది. వాడే అవుతాడు. నలభై ఏళ్ళు అచ్చుతప్పులు పట్టినదాన్ని, నాకు దొరకంది దానికెలా దొరుకుతుంది?

వాన ఎప్పుడో అది చెప్పు ముందు.

నీ అక్క


ఏప్రిల్ 27, సోమవారం

అక్కా,

చుక్కలు పెట్టినాయన పేరు ఇక్కడి రిజిస్టర్లో ఉంది. పదకొండేళ్ళు ఒక్కడే ఉన్నాట్ట. పదకొండేళ్ళు ఇక్కడుంటే నేను చుక్కలతో ఆగను.

మంగళవారం మంగళవారం జీపు వస్తుంది, గంటసేపు ఆగుతుంది, మన ఉత్తరాలకి అదే దిక్కు. వైర్‌లెస్ ఉంది గానీ ఆఫీసు అంకెలకి తప్ప దేనికీ ముట్టుకోనివ్వరు. మూడు గంటలకోసారి బయటికెళ్ళి పాదరసం చూసి రాసుకొస్తాను. ఈ నెల్లో పన్నెండు రోజులు, అంతకుముందు ఎవరూ రాయని అంకె రాశాను. మొదటిసారి నమ్మలేక రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. ఇప్పుడు ఒక్కసారి చూసి రాసేస్తున్నా, అదే భయంగా ఉంది.

కింద అడవి అంటుకుంది. సాయంత్రాలు పొగ కనిపిస్తోంది. రోడ్డు దాకా వస్తే జీపు ఆగిపోతుంది, కాబట్టి ఒక వారం ఉత్తరం రాకపోతే కంగారు పడకు.

వానంటావా? మా కేంద్రం పెద్దాయన పటం ముందు కూర్చుని, గురువారానికల్లా మీ వైపు గట్టి వాన పడుతుందంటున్నారు. సముద్రం మీద మేఘం కట్టింది. నాకు మాత్రం నమ్మకం లేదు, గాలి దిశ మారితే అది అటే పోతుంది. ఇది ఆఫీసు మాట కాదు, బయటికి పంపలేదు కూడా. నీ చెవిన వేశాను, నీ దగ్గరే ఉంచుకో.

మాస్టారిని ఎక్కువగా నీళ్ళు తాగమను. పై కప్పు కింద వాటా పగలంతా పెనంలా ఉంటుంది. ఆ వయసులో దాహం వేస్తున్నట్టు తెలియదు, అదీ ప్రమాదం. నువ్వూ తాగు. నీకూ అరవై రెండు, మర్చిపోయినట్టున్నావు.

నాలుగో పుస్తకంలో పోస్టాఫీసు గుమాస్తాని అనుమానించావా? నేను చివరి పేజీ దాకా అతన్నే అనుకున్నా. ఈ పుస్తకాల్లో ఒకటి గమనించావా, చచ్చేవాడు ఎప్పుడూ ఎవరికీ ఇష్టం లేనివాడే. ఒక్కరూ ఏడవరు. టీ చల్లారదు.

చిట్టి


మే 2, శనివారం

చిట్టీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గురువారం అన్న మాట చదివేసరికి ప్రాణం లేచి వచ్చింది. నువ్వెప్పుడూ ఇంతే, చెప్పాల్సింది చెప్పి పక్కనే "నమ్మకం లేదు" అని ఒకటి తగిలిస్తావు. చిన్నప్పుడు పరీక్ష పాసయ్యాక కూడా ఫెయిలయ్యానేమో అని ఏడ్చినదానివి. మీ పెద్దాయన మాటే నేను తీసుకుంటున్నా. అయిదు రోజులు. అయిదు రోజులంటే రెండు పుస్తకాలు.

మునిసిపాలిటీ వాళ్ళు పాత సినిమా హాల్లో జనరేటరు పెట్టి, కూలర్లు పెట్టి, ముసలివాళ్ళని తీసుకెళ్తున్నారు. సోమవారం మా వీధికి వ్యాను వస్తుందట. అక్కడ వందమంది ఒకేచోట, వరసగా మంచాలు, ఒకరి దగ్గు ఒకరి మీద. నన్ను కూడా అడిగారు. "నాకింకా అంత వయసు రాలేదు నాయనా" అని పంపించేశాను.

మాస్టారికి నీళ్ళ సంగతి చెప్పాను. "వానొచ్చాక తాగుతా, పైనుంచే పోస్తుంది కదా" అన్నారు. నవ్వాం.

అయిదో పుస్తకం మొదలుపెట్టాం. ఈసారి శవం చర్చి గంట కింద దొరికింది. నర్సమ్మాయి ఇంకా నోరు విప్పలేదు, నేనే విప్పొద్దన్నాను.

నీ అక్క


మే 8, శుక్రవారం

చిట్టీ,

ఎలా రాయాలో తెలియట్లేదు. టైపు మాస్టారు పోయారు.

ఇవాళ పొద్దున నీళ్ళ పంపు మనిషి ట్యాంకు చూడ్డానికి పైకెళ్ళి, వాసన వస్తోందని కిందికి పరిగెత్తుకొచ్చాడు. తలుపు లోపల గడియ వేసి లేదు. ఆయన కిటికీ కింద నేల మీద ఉన్నారు, తడిపిన తువ్వాలు ఛాతీ మీద ఉంది. తడి ఎప్పుడో ఆరిపోయింది. చేతికి అందేంత దూరంలో కూజా, ఖాళీ. డాక్టరు చూసి మంగళవారమో బుధవారమో జరిగి ఉంటుందన్నాడు.

సోమవారం తర్వాత ఆయన్ని ఎవరూ చూడలేదు. నాకూ ఒంట్లో బాగాలేక పైకెళ్ళలేదు. నర్సమ్మాయి సోమవారం పొద్దున వచ్చి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. అసలు పత్తా లేదు.

కూతురు వచ్చింది. ఏడవలేదు. గోడకి చెయ్యి పెట్టి చూసి, "ఇంత వేడా" అంది, అంతే.

వాన పడలేదు, చిట్టీ. గురువారం నిన్ననే. ఆకాశంలో ఒక్క మచ్చ లేదు.

అక్క


మే 9, శనివారం

చిట్టీ,

నిన్నటి నుంచీ ఒకటే ఆలోచన. నువ్వయితే ఏమంటావో అని రాస్తున్నా. నంబర్లేసి మరీ రాస్తున్నా, మన తేనెటీగలావిడ లాగా.

ఒకటి. మాస్టారి మందుల పెట్టె లేదు. సూదులు, ఐసు డబ్బా, ఏవీ లేవు.

రెండు. ఆయన తోలు సంచీ లేదు. మంచం కిందే ఉండేది. మంచి చొక్కాలు రెండు, చేతి గడియారం కూడా కనిపించట్లేదు.

మూడు. తాళంచెవి ఆయన దగ్గర ఒకటి, నర్సమ్మాయి దగ్గర ఒకటి. మూడోది లేదు.

నాలుగు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి నా కిటికీ లోంచి చూశాను, ఆ పిల్ల తోలు సంచీ పట్టుకుని వీధి దాటుతోంది. వెనక్కి చూడలేదు.

చక్కెర జబ్బు మనిషి దగ్గర్నుంచి సూది మందు ఎత్తుకెళ్ళడమంటే గొంతు నులమడమే కదా? చెయ్యి కూడా మాయక్కర్లేదు. మనం చదివిన అయిదు పుస్తకాల్లో ఒక్కదాన్లోనూ ఇంత శుభ్రమైన పద్ధతి లేదు. మూడో అధ్యాయంలోనే హంతకుణ్ణి ఎలా పడుతుందా అనుకునేదాన్ని. అలాంటి బుర్ర ఉంటే గానీ పట్టలేరు.

ఏమంటావు? ఇనస్పెక్టరు దగ్గరికి వెళ్ళమంటావా? నువ్వు ఊఁ అంటే వెళ్తాను.

నీ అక్క


మే 12, మంగళవారం

అక్కోయ్,

జీపు రెండు వారాలకి ఈవేళ వచ్చింది. అడవి మంటలతో పోయిన వారం రోడ్డు మూసేశారు. వచ్చిందే ఆలస్యం, అరగంటలో వెళ్ళిపోతానని డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. నీవి రెండు ఉత్తరాలున్నాయి, చేతికి దొరికిన దాన్ని ముందు విప్పాను, తొమ్మిదో తారీకుది. రెండోది ఇంకా విప్పలేదు.

ఎంతకాలానికి! చిన్నప్పుడు వంటింట్లో కూర్చుని మనింట్లో వాళ్ళందర్నీ తలా ఒక హత్యలో ఇరికించేవాళ్ళం, గుర్తుందా? పాలబ్బాయికి ఉరిశిక్ష వేయించావు నువ్వు. మళ్ళీ మొదలెట్టావన్నమాట. మాస్టారు తన్ని చంపేసినందుకు ఏమంటున్నారు? పక్కనే కూర్చుని కథ చెప్పి ఉంటారు, ఆ గడియారం సంగతి ఆయన తెలివే.

నా తీర్పు ఇదిగో: నర్సమ్మాయే! సందేహం లేదు! సంచీ వెతికించు, అందులోనే ఉంటుంది అంతా. పరిగెత్తు ఇనస్పెక్టరు దగ్గరికి, ఒక్క క్షణం ఆగకు. పట్టుకున్నాక అందర్నీ మెట్ల మీద కూర్చోబెట్టి, టీ పోసి, అప్పుడు చెప్పు ఎలా కనిపెట్టావో.

హారన్. ఉంటాను.

చిట్టి


మే 14, గురువారం

అక్కా,

మొన్నటి నా ఉత్తరం చేరితే చించెయ్. దేవుడా, చేరకముందే ఇది చేరితే బాగుణ్ణు.

నువ్వు ఎనిమిదో తారీకున రాసింది పక్క కొండ కేంద్రం సంచిలో పడిపోయింది. అక్కడి మనిషి ఇవాళ నడిచి తెచ్చిచ్చాడు. అది చదివాక గానీ నాకు తెలియలేదు, నువ్వు రాసింది ఆట కాదని. మాస్టారు నిజంగానే లేరని. నేను నవ్వాను అక్కా, ఆయన శవం మీద నవ్వి ఉత్తరం రాశాను.

నా మాట పట్టుకుని ఎవరి దగ్గరికీ వెళ్ళకు. సంచీ ఎందుకు పట్టుకెళ్ళిందో ముందు ఆ అమ్మాయినే అడుగు. హాలుకి పట్టుకెళ్ళిందేమో? ఏజెన్సీ నర్సులందర్నీ హాల్లో డ్యూటీకి వేశారని వైర్‌లెస్‌లో విన్నాను.

ఇంకొకటి. మే రెండున నువ్వు రాసింది ఇవాళే విప్పాను. "అయిదు రోజులు" అన్నావు. నా ఉత్తరం మీద తేదీ చూశావా? ఏప్రిల్ ఇరవై ఏడు. నేను చెప్పిన గురువారం ముప్పయ్యో తారీకు. అది నీకు చేరేనాటికే దాటిపోయింది. ఆ మేఘం దారి మళ్ళి ఎటో పోయింది కూడా. నువ్వు ఏడో తారీకు అనుకున్నావు.

ఆ గురువారం సంగతి ఎవరికైనా చెప్పావా? నాకు ఇదొక్కటే జవాబు కావాలి.

పక్క కేంద్రం మనిషి రేపు కిందికి దిగుతున్నాడు, అతని చేతికిస్తున్నా.

చిట్టి


మే 16, శనివారం

చిట్టీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. నిన్న నీ ఉత్తరం రాగానే స్టేషన్‌కి వెళ్ళాను. నువ్వు వేళాకోళంగా రాశావని అర్థమైంది గానీ, నీ వేళాకోళంలో ఎప్పుడూ విషయం ఉంటుంది. మాస్టారు పోయారని తెలిసి కూడా అలా ఎలా రాశావని మాత్రం బాధేసింది.

ఇనస్పెక్టరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి నా నాలుగు పాయింట్లూ రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే సినిమా హాల్లో నర్సమ్మాయి మంచం కింద తోలు సంచీ దొరికింది. మందుల పెట్టె, చొక్కాలు, గడియారం, అన్నీ ఉన్నాయి. నువ్వన్నది అన్నట్టే. ఆ పిల్లని జీపెక్కించారు. హాల్లో ముసలివాళ్ళు కొందరు ఏడ్చారట.

ఏం చెప్పిందో విను. మాస్టారే సంచీ ఇచ్చి ముందు పంపారట, తను మధ్యాహ్నం వ్యానులో వస్తానన్నారట. రాకపోతే వ్యాను డ్రైవర్ని అడిగిందట, "మూడో అంతస్తు ఆవిడ వద్దందట, అందుకే రానన్నాడు" అన్నాట్ట డ్రైవరు. కూతురు వచ్చి తీసుకెళ్ళి ఉంటుంది, ఆవిడింట్లో మందులుంటాయి కదా అనుకుందట. హాల్లో అరవై మందికి తనొక్కతే, కదలడానికి లేకపోయిందట. ఆ డ్రైవరు ఏమో వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడున్నాడు. ఎంత కలిసొచ్చిందో చూడు.

ఇనస్పెక్టరు నన్ను అడిగాడు. "మీరేమైనా చెప్పారా అమ్మా ఆయనకి?" అని. లేదన్నాను. సంతకం పెట్టాను.

ఎండ ఇంకా పెరిగింది. ఆరో పుస్తకం తెరిచాను గానీ మెట్ల మీద ఒక్కదాన్నే చదువుతుంటే గొంతు ప్రతిధ్వనిస్తోంది.

అక్క


మే 19, మంగళవారం

చిట్టీ,

నీ పద్నాలుగో తారీకు ఉత్తరం అందింది. పరిగెత్తమన్నది నువ్వే, ఇప్పుడు ఆగమంటున్నదీ నువ్వే. ఆటో నిజమో తెలుసుకోకుండా రాసింది నువ్వు. తప్పంతా నా మెడకి చుట్టాలని చూడకు.

నన్ను నిలదీయడానికి నువ్వు ఇనస్పెక్టరువి కావు. ఆ ప్రశ్న మళ్ళీ అడగొద్దు.

అక్క


మే 26, మంగళవారం

అక్కా,

మళ్ళీ అడుగుతున్నా.

నీ పదహారో తారీకు ఉత్తరం, పంతొమ్మిదో తారీకుది పక్కపక్కన పెట్టుకుని చూశాను. నువ్వు నేర్పిన పద్ధతే, ప్రూఫు పక్కన అసలు ప్రతి పెట్టి చూడమనేదానివి. ఆ అమ్మాయి ఇనస్పెక్టరుకి చెప్పింది, మూడో అంతస్తు ఆవిడ వద్దందని. మూడో అంతస్తులో ఉన్నది నువ్వు. నీ దగ్గర నా గురువారం ఉంది. నిన్ను అరవై ఏళ్ళుగా కాకపోయినా యాభై ఏళ్ళుగా ఎరుగుదును, తెలిసిన సంగతి కడుపులో దాచుకోలేవు.

కోపం తెచ్చుకో, పర్వాలేదు. నేను నిన్ను తిట్టడానికి రాయట్లేదు. ఆఫీసు మాట కానిది, నాకే నమ్మకం లేనిది, ఉత్తరంలో రాసింది నేను. ఇక్కడ పెద్దాయనకి ఆ సంగతి చెప్పేశాను. ఆయన చాలాసేపు పటం చూస్తూ కూర్చున్నారు, తర్వాత టోపీ పెట్టుకుని బయటికెళ్ళిపోయారు.

నా దగ్గర మిగిలిన మూడు పుస్తకాలూ చదవలేదు. ఆ రచయిత్రి తప్పేమీ లేదు, ఆవిడ ఎవరినీ మోసం చెయ్యలేదు. మన ఇద్దరికీ ఎవరో ఒకరు కావాల్సొచ్చింది, అంతే.

ఆ పిల్ల ఇంకా లోపలే ఉందా? తన ఇంట్లో ఎవరున్నారు? ఎవరైనా కనుక్కున్నారా?

చిట్టి


మే 31, ఆదివారం

చిట్టీ,

చెప్పాను. నేనే చెప్పాను.

సోమవారం మధ్యాహ్నం వ్యాను కింద ఆగి ఉంది. మాస్టారు టోపీ పెట్టుకుని, చేతికర్రతో దిగి నా గుమ్మం ముందు నిలబడ్డారు. "ఏమంటారు, వెళ్ళమంటారా?" అని అడిగారు. నేను, "మూడు రోజులకి ఆ గుంపులోకి ఎందుకండీ? గురువారం వాన. మా చెల్లెలు వాతావరణ కేంద్రంలోనే ఉంది, దాని మాటకి తిరుగుండదు" అన్నాను. ఆయన ఇంకా తటపటాయిస్తుంటే, "పుస్తకంలో నాలుగు అధ్యాయాలే మిగిలాయి, హంతకుడెవరో తెలియకుండా ఎలా పోతారు?" అన్నాను. నవ్వారు. మెట్ల మీంచే వ్యానువాడికి, "మూడో అంతస్తు ఆవిడ వద్దంటోంది, రానయ్యా" అని కేకేసి చెయ్యి ఊపేశారు.

ఆయన కోసం కాదు చిట్టీ. ఆయన వెళ్తే నాకు వినేవాళ్ళుండరు. అందుకు ఆపాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మెట్ల మీదకి రాలేదు. పైన కర్ర నేలకి తగిలిన చప్పుడు వినిపించింది, రెండుసార్లు. పిలుస్తున్నారేమో అనిపించింది. నేను చివరి అధ్యాయంలో ఉన్నాను. ఇది అయ్యాక వెళ్దామనుకున్నాను. అయ్యేసరికి చప్పుడు ఆగింది, పడుకున్నారులే అనుకున్నాను. ఒంట్లో బాగాలేదని నీకు రాసింది అబద్ధం. పద్దెనిమిది మెట్లు, అంతే మధ్యలో ఉన్నవి.

శవాన్ని చూసిన క్షణంలోనే నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ నాలుగు పాయింట్లు అంత చక్కగా రాయగలిగాను.

నిన్న ఇనస్పెక్టరు కబురు పెట్టాడు, సంచీలో వస్తువులు మాస్టారివేనని గుర్తుపట్టమని. బల్ల మీద అన్నీ పరిచారు. చొక్కాల మడతలో ఒక కాగితం ఉంది, టైపు చేసింది. "హాలుకి తీసుకెళ్ళవలసినవి" అని పైన. మందుల పెట్టె, గడియారం, చొక్కాలు రెండు, వరసగా. ఇనస్పెక్టరు, "ఆ పిల్ల ఎంత పకడ్బందీగా తయారు చేసిందో చూశారా" అన్నాడు. నేను కాగితం వెలుగులో పట్టుకున్నాను. ప్రతి "ల"కారం గీత మీంచి వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. మాస్టారి మిషన్ ఎప్పుడూ అంతే, ముప్పై ఏళ్ళు ఆయన కాగితాలు దిద్దాను. ప్రతి మాట తర్వాత ఆయన రెండు ఖాళీలు వదులుతారు, ఈ లోకంలో ఇంకెవరూ వదలరు. అది ఆయన స్వహస్తాలతో కొట్టింది.

కాగితం బల్ల మీద పెట్టేశాను. నోరు మూసుకుని రావొచ్చు, ఇంకెవరికీ తెలిసేది కాదు. ఒక నిమిషం అదే అనుకున్నాను, నీ దగ్గర దాచను. అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుని, ఆ పిల్లని నీళ్ళ కోసం బయటికి తెచ్చారు. నన్ను చూసి, అలవాటు కొద్దీ, "మీరు నీళ్ళు తాగుతున్నారా అమ్మా?" అంది.

అన్నీ చెప్పేశాను. ఇనస్పెక్టరు కలం కింద పెట్టి నా వైపు చూసిన చూపుకి నా తల కొట్టేసినట్టయింది. "పదిహేను రోజులు, అమ్మా" అన్నాడు. తప్పుడు వాంగ్మూలానికి నా మీద కేసు రాశాడు. రాయాల్సిందే.

మాస్టారి కూతురి దగ్గరికి కూడా వెళ్ళాను. మొత్తం విన్నది. "నాన్న ఆ రోజు నవ్వారా?" అని అడిగింది. నవ్వారన్నాను. తలుపు వేసేసుకుంది.

నర్సమ్మాయి ఇంట్లో ఎవరున్నారని అడిగావు. తల్లి ఉంది. రేకుల ఇల్లు. ఆ పిల్ల లోపలుండగా పక్షవాతం వచ్చింది. పక్కవాళ్ళు చూసేసరికి ఒక పూట గడిచింది. ఆసుపత్రిలో ఉంది. మాట పడిపోయింది.

అక్క


జూన్ 9, మంగళవారం

అక్కా,

చదివాను. ఎన్నిసార్లో లెక్క లేదు.

ఓదార్చడం నాకు చేతకాదు, ఇప్పుడు అది నీకు పనికిరాదు కూడా. సెలవు అడిగాను, ఇచ్చారు. వచ్చే మంగళవారం, అంటే జూన్ పదహారున, ఇదే జీపులో దిగుతున్నా. కోర్టు ఎప్పుడుంటే అప్పుడు నీ పక్కన నిలబడతాను. నా ఉత్తరం కూడా ఇనస్పెక్టరుకి ఇచ్చెయ్, నా పేరు కనబడేలాగే.

ఆ అమ్మాయిని కలిశావా? కలవకపోతే నేనొచ్చేదాకా ఆగకు.

చిట్టి


జూన్ 14, ఆదివారం

చిట్టీ,

ఇది నువ్వు బయలుదేరేలోగా చేరుతుందో లేదో. చేరకపోతే నోటితో చెప్తాను, కానీ ఎదురుగా కూర్చుని చెప్పేంత ధైర్యం ఉంటుందో ఉండదో, అందుకని రాస్తున్నా.

బుధవారం వానలు మొదలయ్యాయి. వీధిలో జనం తడుస్తూ నిలబడ్డారు. నేను కిటికీ మూసుకున్నాను.

నర్సమ్మాయిని వదిలేశారు గానీ ఏజెన్సీ తిరిగి తీసుకోలేదు. అరెస్టయిన మనిషిని ఇళ్ళకి పంపలేమన్నారట. నేనే వెళ్ళి తప్పు నాదని ఆ మేనేజరుకి రెండుసార్లు చెప్పాను. "మీరు చెప్పింది నిజమేనమ్మా, కానీ ఇంటివాళ్ళు అడుగుతారు కదా" అన్నాడు. మొదటిసారి నేను చెప్పిన అబద్ధం మాత్రం ఒక్క పూటలో ఊరంతా నమ్మింది.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. తల్లి చిన్న మనిషి, దిండులో సగం మునిగిపోయింది. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని ఆవిడ గోళ్ళు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. గోరు తియ్యడం పూర్తి చేసింది.

నేను మొదలుపెట్టాను. దారంతా అనుకుంటూ వెళ్ళిన మాటలు. నాలుగు మాటలకే చెయ్యి ఎత్తి ఆపింది.

"మీరు ఇక్కడికొచ్చింది, పర్వాలేదండీ అని నేనంటానని కదా?"



"అనను" అంది. గొంతు పెంచలేదు. "మాస్టారి కోసం నన్నెవరూ ఏడవనివ్వలేదు. చంపినదాన్ని కదా నేను, ఏడిస్తే నాటకం అన్నారు. అమ్మ పడిపోయినప్పుడు నన్ను పిలిచి ఉంటుంది. అప్పుడు పిలవగలిగేది. పర్వాలేదని ఎలా అనమంటారు?"

"అనొద్దు" అన్నాను.

 పక్క మంచం ఆవిడ కూడా మావైపే చూస్తోంది. వెళ్ళిపోదామని లేచాను. అప్పుడు గడియారం చూసుకుని, "నేను స్టేషన్‌కి వెళ్ళాలి, నా తాళంచెవి, కాగితాలు తిరిగిస్తారట. రెండు గంటలు పడుతుంది. అమ్మ దగ్గర ఎవరూ లేరు" అంది. ఉంటారా అని అడగలేదు. చెంచా తీసి నా చేతిలో పెట్టింది.

"నీళ్ళు పావుగంటకోసారి. తల ఎడమ వైపుకి తిప్పి పట్టుకోవాలి, కుడివైపు మింగలేదు. సగం చెంచా, అంతకన్నా వద్దు. మింగిందో లేదో గొంతు చూసి తెలుసుకోవాలి. తొందరపెట్టకండి."

నా చేతిలో చెంచా ఎలా పట్టుకున్నానో చూసింది. వేళ్ళు సరిచేసింది. వెళ్ళిపోయింది.

ఆవిడకి నేనెవరో తెలియదు. కళ్ళు నా ముఖం మీదే పెట్టింది, ఎవరో కొత్త నర్సనుకుంది కాబోలు. మొదటి చెంచా బుగ్గ మీంచి దిండు మీదకి కారిపోయింది. తుడిచాను. తల ఎడమవైపుకి తిప్పి, అరచేతిలో ఆనించుకుని, మళ్ళీ పట్టాను. గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. కదల్లేదు. తర్వాత మింగింది.

నీ అక్క